పాపా, పాత ఫోను ఇంకా ఎవరికీ ఇవ్వొద్దు

పాపా,

నువ్వు మొదటి జీతంతో కొత్త ఫోను కొనుక్కున్నావని నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. ఒకటే మాట మూడుసార్లు చెప్పినాడు, అంత సంబరం వాడికి. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. బెంగళూరులో ఒక్కదానివే ఉండి, ఎవర్నీ అడక్కుండా, నీ డబ్బుతో నువ్వు కొన్నావు. చాలా గొప్పగా ఉంది తల్లీ.

ఆ తర్వాత ఇంకో మాట చెప్పినాడు. కొత్త ఫోనులో రిస్టోర్, అంటే పాతదాంట్లో ఉన్నవన్నీ బ్యాకప్‌గా దాచిన కాపీ నుంచి దింపుకోవడం, మొదలుపెట్టి గంటలు గడిచినా అట్లే తిరుగుతా ఉందని, తెల్లారినాక రెండు ఫోన్లూ అంతా తుడిచిపెట్టేలా రీసెట్ కొట్టేసి పాతది ఎక్స్ఛేంజికి వచ్చే అబ్బాయికి ఇచ్చేస్తానన్నావని. అది విన్న తర్వాత నాకు నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి ఇది రాస్తున్నా. ఫోన్ చేస్తే "సరే పెద్దనాయనా, సరే" అని పెట్టేస్తావు, నాకు తెలుసు. అందుకే రాస్తున్నా. నిదానంగా చదువు.

ముందు ఆ ఎక్స్ఛేంజి అబ్బాయిని రావద్దని చెప్పు. దానికి వచ్చే రెండు మూడు వేలు నేను పంపిస్తా. కొత్త ఫోనుకు ఏమైనా కానీ, కంపెనీ ఉంది, వారంటీ ఉంది. పాతదాంట్లో ఉన్నదానికి ఏ వారంటీ లేదు.

ఇప్పుడు కొత్త ఫోను సంగతి. ఛార్జర్ పెట్టు, కవరు తీసెయ్యి, దిండు కింద పెట్టొద్దు, వేడెక్కితే ఛార్జింగ్ కూడా నిదానిస్తుంది. మీ హాస్టల్ వైఫై మీద నాకు నమ్మకం లేదు. అట్లాంటి చోట్ల వైఫై కలిసినట్టే చూపిస్తుంది గానీ, బ్రౌజర్ తెరిచి యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టేదాకా నెట్ రాదు. సెటప్ మధ్యలో ఉన్న ఫోనుకు ఆ పేజీ ఒక్కోసారి కనపడనే కనపడదు, ఊరికే తిరుగుతా కూర్చుంటుంది. పైగా రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా హాస్టలంతా సినిమాలు చూస్తా ఉంటే నీ ఫోనుకు ఏం మిగులుతుంది? నీ స్నేహితురాలి ఫోను నుంచి హాట్‌స్పాట్ పెట్టించుకుని చూడు. హోమ్ స్క్రీన్ వచ్చి యాప్‌ల బొమ్మలు బూడిద రంగులో ఉంటే మాత్రం అది ఆగిపోవడం కాదు, ప్లే స్టోర్ ఒక్కొక్కటే దింపుతా ఉందని అర్థం. పైనుంచి నోటిఫికేషన్ లాగి చూడు, వైఫై కోసం కాచుకుని ఉందేమో అక్కడే తెలుస్తుంది. ఒకసారి రీస్టార్ట్ చేస్తే ఏమీ పోదు.

అప్పటికీ కదలకపోతే రెండు చూడు. ఒకటి, ఆండ్రాయిడ్ వెర్షన్. పాత ఫోను అప్‌డేట్ అయి పై వెర్షన్‌లో ఉండి, కొత్తది డబ్బాలోంచి కింది వెర్షన్‌తో వచ్చిందనుకో, పై వెర్షన్ బ్యాకప్ కింది వెర్షన్‌లోకి ఎక్కదు. అప్పుడు సెటప్ ఖాళీగా ముగించి, సిస్టమ్ అప్‌డేట్ చేసుకుని, కొత్తదాన్ని మాత్రమే రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. రెండోది, అసలు బ్యాకప్ ఎప్పటిది? గూగుల్ ఊరికే ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, ఎవరూ వచ్చి తలుపు తట్టి చెప్పరు. పాత ఫోను సెట్టింగ్స్‌లో గూగుల్, దాంట్లో బ్యాకప్ అని ఉంటుంది, తేదీ చూడు. మూడు నెలల కిందటిదైతే దానికోసం రాత్రంతా మేలుకొని లాభం లేదు. రెండు ఫోన్లూ కేబుల్‌తో కలిపి నేరుగా ఎక్కించుకో, నన్నడిగితే అదే మేలు. పాత ఫోను లాక్ నంబరు మర్చిపోవద్దు, రిస్టోర్‌కు అదే అడుగుతుంది. బ్యాంకు యాప్‌లు, యూపీఐ ఎట్లాగూ సిమ్ మార్చినాక కొత్తగా రిజిస్టర్ చేసుకోవాల్సిందే, వాటి గురించి టెన్షన్ పడొద్దు.

ఇదంతా ఏ షాపులో అడిగినా చెప్తారు. నేను నిద్ర మానుకుని రాస్తున్నది వాట్సాప్ గురించి.

మీ జేజికి, అదే మా అమ్మకు, చదవడం, రాయడం రాదు కదా. మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడటం నేనే నేర్పించినా. నొక్కినాక ఏం చెప్పాలా అని రెండు క్షణాలు ఆలోచించేది, అందుకే ఆమె మెసేజ్‌లన్నీ నిశ్శబ్దంతో మొదలయ్యేవి. వెనకాల కోడి కూసేది, లేదంటే కుక్కర్ ఈల. అప్పుడు "ఒరే పెద్దోడా, అన్నం తిన్యావా" అనేది. రోజూ అదే ప్రశ్న. షాపులో పని మీద ఉండి సగం మెసేజ్‌లు నేను వినను కూడా వినలేదు పాపా, తీరిగ్గా విందాంలే అనుకునేవాణ్ణి. ఆమె పోయినాక వినడం మొదలుపెట్టినా. షాపు మూసి, షట్టర్ సగం దించి, రోజుకు ఒకటో రెండో.

ఆ తర్వాత ఏడాదికే నేను ఫోను మార్చినా. సాయంత్రం షాపులో గిరాకీ ఉంది, నా పాత ఫోను కావాలని ఒకాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. బ్యాకప్ ఉంది కదా అని పాతది అక్కడికక్కడే రీసెట్ చేసి ఆయన చేతికిచ్చేసినా. కొత్తదాంట్లో వాట్సాప్ పెడితే 1.4 జీబీ బ్యాకప్ దొరికిందని చూపించింది. రిస్టోర్ నొక్కినా. 37 శాతం దగ్గర ఆగింది. అరగంట చూసినా, కదల్లేదు. నెట్ సరిగా లేదు, రేపు చూద్దామని యాప్ తీసేసి మళ్లీ వేసినా. మళ్లీ అడిగింది, ఈసారి స్కిప్ నొక్కినా. బ్యాకప్ ఎంతకొకసారి తీయాలి అని అడిగితే "రోజూ" అని పెట్టి ఇంటికిపోయి పడుకున్నా.

అర్ధరాత్రి రెండు దాటినాక వాట్సాప్ తన పని తాను చేసింది. ఖాళీ ఫోనును బ్యాకప్ తీసింది. ఫోను బ్యాకప్ అయితే ఒక్కో ఫోనుకు ఒక్కోటి వేరుగా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పడదు. వాట్సాప్‌ది అట్లా కాదు, కొత్త బ్యాకప్ వచ్చి పాతదాని మీదే కూర్చుంటుంది. పొద్దున్నే మళ్లీ యాప్ వేసి చూస్తే బ్యాకప్ దొరికింది అనే ఉంది, కింద సైజు 300 కేబీ. ఆ అంకె వైపు ఎంతసేపు చూసినానో. పాత ఫోను కొన్నాయనను వెతుక్కుంటా నంద్యాల దాకా పోయినా. ఆయన అప్పటికే తన ఫోటోలు, తన పాటలు అన్నీ నింపుకున్నాడు. పాపం, చేతికిచ్చి చూసుకోమన్నాడు. రీసెట్ కొట్టింది నేనే, దాంట్లో ఏముంటుంది?

నాకు ఇట్లాంటిది అది మొదటిసారి కూడా కాదు. 2009 అక్టోబరు 2న కర్నూలులోకి తుంగభద్ర, హంద్రీ వచ్చినప్పుడు మన స్టూడియో పాతబస్తీలో ఉండేది. నీళ్లు తీసినాక బీరువా తెరిస్తే మీ జేజి పెళ్లి ఆల్బమ్ ఇటుకలాగా ఉంది. పేజీ విప్పబోతే ఆమె ముఖం పక్క పేజీకి అంటుకుని వచ్చేసింది. ఆ రోజు నది తీసుకుపోయింది, నేనేం చేయగలను అనుకున్నా. ఫోను విషయంలో ఆ మాట అనుకోవడానికి కూడా లేదు.

నా ఫోనులో మీ జేజి గొంతు ఒక్కటి కూడా లేదు. మీ నాయన చూసిన వెంటనే డిలీట్ చేసే మనిషి. ఇక మిగిలింది నీ పాత ఫోను ఒక్కటే. నీకు ఆమె ఎన్ని పంపిందో నాకు తెలుసు, పక్కన కూర్చుని నంబరు తీసిచ్చింది నేనే.

అందుకని ఇట్లా చెయ్యి. సిమ్ ఇంకా పాతదాంట్లోనే ఉంది కాబట్టి అక్కడ వాట్సాప్ తెరిచి జేజి చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి నీ మెయిల్‌కు పంపుకో. తర్వాత సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ దగ్గర తేదీ, సైజు చూసి కాగితం మీద రాసుకో. బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అదీ రాసుకో, అది లేకుంటే ఎవరూ తెరవలేరు. అదే సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌ఫర్ చాట్స్ అని ఉంటుంది, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, కొత్తదాంట్లో వచ్చే క్యూఆర్ కోడ్‌ను పాతదానితో స్కాన్ చేస్తే క్లౌడ్‌తో పని లేకుండా అన్నీ వెళ్తాయి. వెళ్లినాయి అన్నాక నమ్మొద్దు. జేజి చాట్ తెరిచి, కింద నుంచి పైదాకా జరిపి, అన్నిటికంటే పాత మెసేజ్ ఒకటి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విను. గొంతు వినపడితేనే వచ్చినట్టు. స్కిప్ అనే మాట ఎక్కడ కనపడినా చెయ్యి వెనక్కి తీసుకో, నాకు ఫోన్ చెయ్యి.

కోప్పడుతున్నా అనుకోవద్దమ్మా. నువ్వు తెలివైనదానివి, నాకంటే ఫోన్ల గురించి నీకే ఎక్కువ తెలుసు. కానీ నీకు తొందర ఎక్కువ, అది మన ఇంటి గుణం, నా నుంచే వచ్చిందేమో.

పాత ఫోను దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా, షాపులో నేనే దాచిపెడతా. ఇంకొకటి. నీ ఇంటర్ పరీక్షలప్పుడు జేజి నీకు పంపింది, "భయపడాకు, ఉగ్గాని చేసి పెడతా, రాసేసి రా" అని, పోయిన సంక్రాంతికి నాకు వినిపించినావు చూడు, అది మిగతా పనులన్నిటికంటే ముందు నాకు ఫార్వర్డ్ చెయ్యి. బురుజు దగ్గర షాపు తొమ్మిదింటికి తీస్తా. ఎనిమిది నుంచే ఫోను చేతిలో పట్టుకుని ఉంటా.

మీ పెద్దనాయన