పటంలో 19 వేల కిలోమీటర్లు, ఆకాశంలో ఎన్ని?

ప్రశ్న: మా పాఠశాల గోడకున్న ప్రపంచపటంలో అలాస్కాలోని ఉత్‌కియాగ్విక్, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బియెన్ విమానాశ్రయాల మధ్య దూరాన్ని పిల్లలు స్కేలుతో కొలిచారు. భూమధ్యరేఖ దగ్గరి కొలమానం ప్రకారం లెక్కిస్తే 19 వేల కిలోమీటర్లకు పైగా వచ్చింది. విమానం నిజంగా అంత దూరం ఎగరాలా?
– ఒక ఉపాధ్యాయుడు, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: అవసరం లేదు. ఆ రెండింటి మధ్య దగ్గరి దారి దాదాపు 3,400 కిలోమీటర్లే. అంటే చెన్నై నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్లి తిరిగి వచ్చే దూరం కంటే కాస్త తక్కువ. పిల్లలు కొలవడంలో పొరపాటేమీ చేయలేదు, పొరపాటంతా పటానిదే. ఒక రేఖాంశానికీ పక్క రేఖాంశానికీ మధ్య కావలి దగ్గర 107 కిలోమీటర్లకు పైగా ఎడం ఉంటే, లాంగ్‌యియర్‌బియెన్ దగ్గర అది 23 కిలోమీటర్లకు మించదు. నెల్లూరు నుంచి మైపాడు తీరానికి వెళ్లినంత అన్నమాట. ధ్రువం దగ్గర ఒకే బిందువులో కలిసిపోవలసిన ఆ రేఖలను గోడపటం కింది నుంచి పై దాకా సమాన దూరంలో నిలబెట్టడం వల్ల ఉత్తరపు ప్రాంతాలన్నీ అడ్డంగా సాగిపోతాయి.

ఈ లెక్కను నల్లబల్ల మీద కూడా చేయవచ్చు. ఉత్‌కియాగ్విక్ 156°46′ పశ్చిమ రేఖాంశంలోనూ, లాంగ్‌యియర్‌బియెన్ 15°28′ తూర్పు రేఖాంశంలోనూ ఉన్నాయి. రెంటినీ కలిపితే 172°14′, అంటే ధ్రువానికి ఒకటి ఈ పక్కన, మరొకటి దాదాపు సరిగ్గా ఆ పక్కన ఉన్నట్లు. మొదటిది ధ్రువానికి 18.7 డిగ్రీల దూరంలో, రెండోది 11.75 డిగ్రీల దూరంలో ఉన్నందున మొత్తం సుమారు 30.5 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే జవాబు వచ్చేస్తుంది. అసలైన దగ్గరి దారి ధ్రువం మీదుగా కాక, దానికి సుమారు 110 కిలోమీటర్ల పక్కగా పోతుంది. పటంలో గీసిన సరళరేఖనే నమ్ముకుని, దిక్సూచిని ఒకే కోణంలో ఉంచి నడిపితే మాత్రం విమానం దాదాపు 5,000 కిలోమీటర్లు తిరగాలి.

ఇది కాగితం మీది ఊహ కాదు. 1928 ఏప్రిల్‌లో హ్యూబర్ట్ విల్కిన్స్, కార్ల్ బెన్ ఐల్సన్ అనే ఇద్దరు ఒంటి ఇంజిను లాక్‌హీడ్ వేగా విమానంలో ఉత్‌కియాగ్విక్ దగ్గరే ఉన్న పాయింట్ బారో నుంచి బయలుదేరి, 20 గంటలకు పైగా ఎగిరి, స్వాల్‌బార్డ్ చేరారు. ఆ కాలపు విమానంతో, కింద మంచు తప్ప మరేమీ లేని దారిలో ఇంతకు తెగించడం మామూలు సంగతి కాదు. గమ్యం దగ్గర తుపాను చుట్టుముట్టడంతో జనసంచారం లేని ఒక చిన్న దీవిలో దిగి, వాతావరణం తెరిపి ఇచ్చేదాకా అక్కడే కాచుకున్నారు.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా నడిచే సర్వీసు లేదు. లాంగ్‌యియర్‌బియెన్ నుంచి ఓస్లో, సియాటిల్, యాంకరేజ్ మీదుగా ఉత్‌కియాగ్విక్ చేరాలనుకుంటే, ఆ నగరాల మధ్య దగ్గరి దారులనే కూడినా 12,800 కిలోమీటర్లవుతుంది. టికెట్టు కొనుక్కుని బయలుదేరే ప్రయాణికుడికి, నా 3,400 కంటే మీ పిల్లల 19 వేలే కాస్త దగ్గరి లెక్క!