జిమిన్ ‘ఫేస్’ ఆల్బమ్: ఏ వెర్షన్ కొనాలి, అసలుదో కాదో ఎలా తెలుస్తుంది, దాచిన పాట ఎలా వినాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: కొరియా పాటల బృందం బీటీఎస్‌లోని జిమిన్ మొదటి సోలో ఆల్బమ్ ‘ఫేస్’ చెల్లికి పుట్టినరోజు కానుకగా ఇవ్వాలి, ఒకే పేరుతో మూడు రకాలు కనిపిస్తున్నాయి, ధరలకు పొంతన లేదు, ఇంట్లో సీడీ ప్లేయర్ లేదు. పైగా ఇప్పుడు కొంటే చార్టుల్లో లెక్కకొస్తుందా అని చెల్లి అడుగుతోంది.

ముందు జవాబు చెప్పేస్తాను. ‘ఇన్విజిబుల్ ఫేస్’, ‘అన్‌డిఫైనబుల్ ఫేస్’ అని రెండు సీడీ వెర్షన్లున్నాయి. వాటిలో ఏదో ఒకటి, సీలు విప్పనిది, ఒక్క కాపీ కొనండి. ‘వీవర్స్ ఆల్బమ్’ అని రాసి ఉన్న మూడోది కానుకకు పనికిరాదు.

రెండు సీడీ వెర్షన్లలోనూ పాటలు అవే. తేడా కవర్లోనూ ఫోటోబుక్ బొమ్మల్లోనూ ఉంటుంది. కాబట్టి బొమ్మలు చూసి ఏది నచ్చితే అది తీసుకోవచ్చు. ‘ఇందులో సౌండ్ బాగుంటుంది’ అని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. వీవర్స్ ఆల్బమ్ సంగతి వేరు. దానిలో సీడీయే ఉండదు. ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది, దాన్ని ఫోన్లో స్కాన్ చేస్తే యాప్‌లో పాటలు తెరుచుకుంటాయి. చవగ్గా కనిపించేది, ‘మోసపోయాం, డిస్కు లేదు’ అని జనం ఎక్కువగా గోల పెట్టేది దీని గురించే. నిజానికి అది మోసం కాదు, ఆ సరుకే అంత. ఇదే గ్రూపులోని జె-హోప్ ‘జాక్ ఇన్ ద బాక్స్’ 2022 జులై 15న విడుదలైనప్పుడు అంగట్లో దొరికింది ఈ వీవర్స్ రూపంలోనే. సీడీ కావాలన్నవాళ్లు 2023 ఆగస్టు 18న ‘హోప్ ఎడిషన్’ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. వీవర్స్ ఆల్బమ్‌ను సెకండ్‌హ్యాండ్‌లో అసలే కొనకండి. కోడ్ అప్పటికే ఎవరి ఖాతాలోనో నమోదై ఉంటే మీ చేతికి మిగిలేది ఉత్త కార్డే.

పేర్ల దగ్గర ఇంకో తికమక ఉంది. ‘ఫేస్’ 2023 మార్చి 24న వచ్చింది. 2024 జులై 19న వచ్చిన ‘మ్యూజ్’ అతని రెండో ఆల్బమ్. ‘లైక్ క్రేజీ’ పేరుతో సింగిల్ సీడీ కూడా అమెరికాలో అమ్మారు. అది ‘ఫేస్’ కాదు. సెకండ్‌హ్యాండ్ ప్రకటనల్లో ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి. ప్రకటన శీర్షికను నమ్మకుండా డబ్బా వెనకవైపు ఫోటో అడగండి.

దాచిన పాట గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, సీడీయే కొనమనడానికి నాకున్న పెద్ద కారణం అదే. స్ట్రీమింగ్‌లో విడుదలైన జాబితాలో ఆరు ట్రాకులున్నాయి: ‘ఫేస్-ఆఫ్’, ‘ఇంటర్‌లూడ్: డైవ్’, ‘లైక్ క్రేజీ’, ‘అలోన్’, ‘సెట్ మీ ఫ్రీ పార్ట్ 2’, చివర్లో ‘లైక్ క్రేజీ’ ఇంగ్లిష్ వెర్షన్. సీడీలో వీటి తర్వాత ‘లెటర్’ అనే పాట ఉంది. అభిమానులను ఉద్దేశించి రాసిన పాట అది, అందులో వెనక గొంతు బీటీఎస్‌లోనే ఉన్న జంగ్‌కుక్‌ది. డబ్బా మీది జాబితాలో దాని పేరు కోసం వెతికి, కనిపించక, ‘నా కాపీలో లేదు’ అనుకునేవాళ్లున్నారు. ఆరో ట్రాకు అయిపోగానే ప్లేయర్ ఆపేయకండి, అంతే.

వినేటప్పుడు షఫుల్ వద్దు. ‘డైవ్’లో పాట కంటే శబ్దాలే ఎక్కువ, అడుగుల చప్పుడు, ఊపిరి, జనం హోరు. విడిగా వింటే ఇదేం ట్రాకు అనిపిస్తుంది. ‘ఫేస్-ఆఫ్’లోని కోపానికీ ‘లైక్ క్రేజీ’లోని మత్తుకూ మధ్య వింటేనే దానికి అర్థం. మొదటి భాగం ఎక్కడుందని వెతికించే ‘సెట్ మీ ఫ్రీ పార్ట్ 2’ గురించి కూడా ఒక మాట: ‘ఫేస్’లో మొదటి భాగం లేదు. ‘సెట్ మీ ఫ్రీ’ అనే పేరుతో ఒక పాట, అదే బృందంలోని సుగా 2020లో ఆగస్ట్ డి పేరిట విడుదల చేసిన ‘డి-2’లో ఉంది. ఈ పార్ట్ 2 ఆల్బమ్ కంటే వారం ముందు, మార్చి 17న, వచ్చింది. బాకాలూ బృందగానం కలిసి హోరెత్తించే ఈ పాట ఫోన్ స్పీకర్లో సగం చచ్చిపోతుంది. చెల్లికి మంచి ఇయర్‌ఫోన్స్ లేకపోతే మిగిలిన బడ్జెట్ అటు పెట్టడమే మేలు.

ఇక కొనే దారులు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఉన్నవి మూడే: మన దేశంలో ఇప్పటికే దిగుమతి చేసి స్టాకు పెట్టుకున్న ఆన్‌లైన్ దుకాణం, అభిమానులు నడిపే గ్రూప్ ఆర్డర్, నేరుగా కొరియా దుకాణం. ఒక్క ఆల్బమ్, అదీ తేదీకి అందాల్సిన కానుక అయితే మొదటి దారే మంచిది. కాస్త ఎక్కువ పడుతుంది, కానీ కస్టమ్స్ గొడవ వాళ్లది.

నేరుగా కొరియా నుంచి ఒక్క కాపీ తెప్పిస్తే ఆల్బమ్ కంటే రవాణాకే ఎక్కువ కావచ్చు. చాలా కొరియర్లు అసలు బరువునూ, డబ్బా పరిమాణాన్ని బట్టి కట్టిన బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30×25×10 పెట్టె అయితే 7500ని 5000తో భాగించి ఒకటిన్నర కిలో. లోపలున్నది 600 గ్రాములే అయినా బిల్లు ఒకటిన్నర కిలోకే. చుట్టిన పోస్టర్ ట్యూబు అడిగితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది, అందుకే పోస్టర్ వద్దనండి.

కొరియర్‌లో వస్తే కేవైసీ కింద ఆధార్ గానీ పాన్ గానీ అడుగుతారు. ఆ మెసేజ్‌ను స్పామ్ అనుకొని వదిలేస్తే పార్సిల్ అక్కడే ఆగిపోతుంది. అయితే లింకు నొక్కే ముందు మీ ట్రాకింగ్ నంబరును కొరియర్ సొంత సైటులో వేసి, నిజంగానే కేవైసీ కోసం ఆగిందో లేదో చూసుకోండి, ఆ పేరుతో దొంగ మెసేజీలూ తిరుగుతున్నాయి. తపాలా ద్వారా వస్తే నంబరు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ‘కేఆర్’ అని ఉంటుంది. అదే నంబరు మన ఇండియా పోస్ట్ సైటులోనూ పనిచేస్తుంది. సుంకం శాతాలు బడ్జెట్లతో మారుతుంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టే రోజున ఉన్నది చూసుకోండి. ‘గిఫ్ట్ అని రాయమంటే సుంకం పడదు’ అనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది. విదేశాల నుంచి వచ్చే గిఫ్టులకున్న ఆ మినహాయింపును, రాఖీలూ ప్రాణరక్షక మందులూ తప్ప, 2019 డిసెంబరులోనే తీసేశారు.

గ్రూప్ ఆర్డర్ అంటే ఒకరు నలభై యాభై ఆల్బమ్‌లు ఒకే పెట్టెలో తెప్పించి పంచడం. డబ్బు రెండు విడతల్లో కట్టాలి: ముందు ఆల్బమ్ ధర, పెట్టె దిగాక రవాణా, సుంకాల్లో మీ వాటా. చిక్కులొచ్చేది ఈ రెండో విడత దగ్గరే, ముందుగా ఎవరూ కచ్చితమైన అంకె చెప్పలేరు. పైగా అంత పెద్ద పెట్టె చూసి ఇది సొంత వాడకానికా, వ్యాపారానికా అని కస్టమ్స్ అడిగితే వారాలు గడుస్తాయి. నడిపేవారి పాత ఆర్డర్ల రుజువులు, డబ్బు తిరిగిచ్చే షరతులు, ఆఖరి గడువు రాతపూర్వకంగా లేకపోతే చేరకండి. పుట్టినరోజు దగ్గరపడితే అసలు ఈ దారే వద్దు.

ధరల్లో పొంతన లేకపోవడానికి కారణం చాలావరకు ఫోటోకార్డు, అంటే ఆల్బమ్‌తో పాటు వచ్చే, గాయకుడి ఫోటో ఉన్న చిన్న కార్డు. కార్డు కోసం పెట్టెలకు పెట్టెలు కొన్నవాళ్లు అది తీసేసుకొని, ఫోటోబుక్కూ సీడీ మాత్రం ‘అన్‌సీల్డ్’ అని చవగ్గా అమ్మేస్తారు. మీ కోసమే అయితే ఇది బంగారంలాంటి బేరం. పాటలన్నీ వస్తాయి, ‘లెటర్’తో సహా. కానుకకు మాత్రం సీలు విప్పే సరదా ఉండాలి. ‘పీఓబీ’ కార్డులు అంటే ముందస్తు ఆర్డర్లకు ఒక్కో దుకాణం విడిగా ఇచ్చినవి. ఇప్పటి స్టాకులో అవి రావు, వస్తాయని రాసి ఎక్కువ అడిగితే ఏ కార్డో ఫోటో చూపించమనండి. ఫలానా కార్డే కావాలనుకుంటే ఆల్బమ్ మీద ఆల్బమ్ కొనడం తెలివితక్కువ పని, ఆ కార్డునే విడిగా కొనుక్కోవచ్చు.

పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా ఒకే వీడియో తీయండి. అడ్రసు చీటీ, టేపు చెక్కుచెదరకుండా ఉన్న ఆరు వైపులు, తర్వాత కోయడం, ఆ తర్వాత లోపలి వస్తువులు ఒక్కొక్కటిగా. మధ్యలో కట్ ఉంటే అమ్మినవాళ్లు ఫిర్యాదును ఒప్పుకోరు. డబ్బా మూల నొక్కుకుపోవడం చాలా దుకాణాల్లో లోపం కింద రాదని కూడా తెలుసుకోండి. అది లోపలి వాటిని కాపాడే పెట్టె మాత్రమే అన్నది వాళ్ల వాదన.

అసలుదో కాదో తేల్చడానికి హోలోగ్రామ్ స్టిక్కర్ ఒక్కటే చూసి ఊరుకోకండి, దాన్నీ అచ్చు వేయగలరు. డిస్కు తిప్పి చూడండి. ఫ్యాక్టరీలో ముద్రించిన సీడీ అడుగు స్వచ్ఛమైన వెండి అద్దంలా ఉంటుంది. ఇంట్లో బర్న్ చేసిన దానిలో రంగు పూత ఉంటుంది కాబట్టి వెలుగులో ఆకుపచ్చగానో నీలంగానో కొడుతుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో ముద్రణ కోడ్ అంకెలు సన్నగా కనిపించాలి. ఫోటోబుక్‌లో మొహం అంచులు మసకగా, చర్మం రంగు మరీ ఎర్రగా ఉంటే అది స్కాన్ చేసి వేసిన నకలు.

సీడీ ప్లేయర్ లేకపోవడం సమస్యే కాదు. డీవీడీల్లా సీడీ పాటలకు రీజియన్ కోడ్ ఉండదు, కొరియా డిస్కు ఇక్కడి ఏ డ్రైవ్‌లోనైనా తిరుగుతుంది. ల్యాప్‌టాప్‌కు తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి చాలు. దాన్ని హబ్‌కు పెట్టకుండా నేరుగా పోర్టుకే పెట్టండి. డిస్కు తిరగడం మొదలయ్యే క్షణంలో డ్రైవ్ ఎక్కువ కరెంటు లాగుతుంది, హబ్ అంత ఇవ్వలేక డ్రైవ్ టిక్కుటిక్కుమని ఆగిపోతుంది. డిస్కు పాడైందనుకొని తిరిగి పంపేవాళ్లలో కొందరి కథ ఇదే. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్ఎల్‌డీ అనే సాఫ్ట్‌వేర్ వాడి పాటల్ని ఫ్లాక్ అనే ఫైలు రూపంలోకి తీసి ఫోన్లో వేసుకోండి. కుదించని వేవ్ ఫైలైతే నిమిషానికి సుమారు 10 ఎంబీ పడుతుంది, ఫ్లాక్‌లో దాదాపు సగానికి తగ్గుతుంది, నాణ్యత ఏమాత్రం పోదు. ఐఫోన్ మ్యూజిక్ యాప్ ఫ్లాక్ తీసుకోదు, దానికి ఆపిల్ లాస్‌లెస్ ఎంచుకోండి. తీసే ముందు జాబితాలో ఆరో పాట దాటి ఏదైనా పేరు లేకుండా కనిపిస్తే టిక్ తీసేయకండి. ‘లెటర్’ అని మీరే పేరు రాసుకోండి.

చార్టుల సంగతి చెల్లికి ఉన్నదున్నట్టు చెప్పేయండి. కొరియాలో హాంటియో చార్టు తనతో అనుసంధానమైన దుకాణాల్లో అమ్మినవే లెక్కిస్తుంది. అక్కడ అభిమానులు పోటీపడేది మొదటి ఏడు రోజుల అమ్మకాల మీద. ‘ఫేస్’ మొదటి రోజే 10 లక్షలు దాటింది, ఆ వారంలో 14.5 లక్షల దాకా వెళ్లింది. ఆ గడువు ఎప్పుడో ముగిసింది. సర్కిల్ చార్టు దుకాణాలకు పంపిన సరుకును చూస్తుంది, మీ చేతికొచ్చే కాపీ బహుశా అందులో ఎప్పుడో చేరిపోయే ఉంటుంది. ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200, పాటల చార్టు హాట్ 100 రెండూ అమెరికా లెక్కలే కాబట్టి మనం ఇక్కడ ఎన్ని కొన్నా అక్కడ కదలిక ఉండదు.

‘లైక్ క్రేజీ’ 2023 ఏప్రిల్ 8 తేదీ హాట్ 100లో మొదటి స్థానం అందుకుంది. కొరియా సోలో గాయకుడికి అది తొలిసారి. మరుసటి వారం 45కి పడింది. మొదటి వారంలో డౌన్‌లోడ్లు, సింగిల్ సీడీలు కలిపి రెండున్నర లక్షలకు పైగా అమ్ముడయ్యాయి, రేడియోలో మాత్రం పాట దాదాపు వినిపించనే లేదు. ఒకసారి కొన్న పాటను రెండో వారం ఎవరూ మళ్లీ కొనరు. రేడియో తోడు లేకపోతే అంకె కూలడం ఖాయం. దీన్ని పాట విఫలమైందనడానికి వాడేవాళ్లూ ఉన్నారు, కుట్ర అనేవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో రెండూ కాదు, అది ఆ చార్టు కూడికల పద్ధతి. చెల్లి రెండో కాపీ అడిగితే చార్టు పేరు చెప్పి మాత్రం కొననివ్వకండి.

దాచుకోవడం గురించి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వైపు ఉంటే: తేమకు ఫోటోబుక్ నునుపు పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. బీరువాలో అడుగున కాకుండా పై అరలో నిలబెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టండి. ఫోటోకార్డును స్టేషనరీ కొట్లో దొరికే మెత్తని పీవీసీ కవర్లో పెడితే కొన్నాళ్లకు ప్లాస్టిక్‌లోని నూనె పదార్థం బయటికొచ్చి బొమ్మకు అంటుకుంటుంది. ముందు పాలీప్రొపిలీన్ స్లీవ్ తొడిగి, ఆ తర్వాతే టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలి.