పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: ఉప్పు మైదానంలో పాత రోడ్‌స్టర్

ప్రశ్న: మాది విజయనగరంలో ఇంజన్ రీబోరింగ్ షెడ్డు. అమెరికాలో ఉంటున్న మా అన్నయ్య కొడుకు 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ (పైకప్పు లేని కారు) నమూనా బాడీలో షెవర్లే 305 ఇంజన్ అమర్చి యూటా రాష్ట్రంలోని బోనవిల్ ఉప్పు మైదానంలో వేగ పోటీకి దిగాలనుకుంటున్నాడు. సిలిండర్లు కొద్దిగా అరిగాయట. “30 థౌ బోరు చేయించమంటావా చిన్నాన్నా?” అని ఫోనులో అడిగాడు. మాకది రోజూ చేసే పనే. చేయించమని చెప్పవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఇప్పుడే చెప్పకండి. రోడ్డు మీద తిరిగే కారుకైతే 30 థౌ బోరు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు; సిలిండరు వ్యాసాన్ని అలాంటివి 30 పెంచడం), ఓవర్‌సైజ్ పిస్టన్లు సరిపోతాయి. ఈ పోటీలో ఆ పని కారును ఒక క్లాసు నుంచి మరో క్లాసులోకి తోసేస్తుంది.

బోనవిల్‌లో 1949 నుంచి జరుగుతున్న స్పీడ్ వీక్‌ను నిర్వహించే దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఇంజన్లను సిలిండర్ల మొత్తం ఘనపరిమాణాన్ని బట్టి, క్యూబిక్ అంగుళాల లెక్కన విభజించింది. 261 నుంచి 305.99 వరకు డి క్లాసు, 306 నుంచి 372.99 వరకు సి క్లాసు. ఇక మీ చేతిలో ఉన్న లెక్క చూడండి. 305 ఇంజన్ బోరు (సిలిండరు వ్యాసం) 3.736 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.48 అంగుళాలు, సిలిండర్లు ఎనిమిది. బోరు వర్గాన్ని 0.7854తోనూ, స్ట్రోకుతోనూ, ఎనిమిదితోనూ గుణిస్తే సుమారు 305.2 వస్తుంది, అంటే డి క్లాసు పైకప్పుకు తల ఆనించి నిలుచున్న ఇంజన్ అది. బోరు 3.766 చేయగానే లెక్క 310 దాటుతుంది. డి క్లాసులోనే ఉండాలంటే పెంచడానికి 5 థౌ కూడా పూర్తిగా దొరకదు. అరిగిన సిలిండరు హోనింగ్‌తోనే (లోపలి గోడను రాయితో నునుపు చేయడంతోనే) ఆ కాస్తా తినేయగలదని మీకు నేను చెప్పనక్కరలేదు. రికార్డు సాధించిన కారు ఇంజన్‌ను నిర్వాహకులు కొలిచి చూస్తారు కాబట్టి ఈ విషయంలో చూసీ చూడనట్లు పోవడం ఉండదు.

అతనికి ఉన్న దారుల్లో నిక్కమైనది సిలిండర్లకు స్లీవులు (లోపల తొడిగే లోహపు గొట్టాలు) దింపించి పాత కొలతకు బోరు చేయించడం. 30 థౌ బోరు తప్పదనుకుంటే 3 అంగుళాల స్ట్రోకు ఉన్న క్రాంక్ షాఫ్టు వేయించుకోవచ్చు. అప్పుడు లెక్క 267 దగ్గర ఆగి, డి క్లాసులోనే నిలుస్తుంది, కాని పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు దానికి తగినట్లు మార్చాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. సి క్లాసుకే పోతానంటే 310తో పోవడం నా దృష్టిలో వృథా. అక్కడ 370 అంగుళాల ఇంజన్లు నెలకొల్పిన రికార్డును దాటాలి కనుక, ఆ డబ్బుతో పెద్ద ఇంజనే తెచ్చుకోవడం నయం.

క్లాసు పేరులో ఇంజన్ అక్షరం తర్వాత గీత గీసి ఇంధనం, బాడీ అక్షరాలు రాస్తారు. “డి/జిఆర్” అంటే డి క్లాసు ఇంజన్, నిర్వాహకులు అనుమతించిన పెట్రోలుతో నడిచే రోడ్‌స్టర్. ఆ పెట్రోలు పోశాక ట్యాంకుకు సీలు వేస్తారు. జి బదులు ఎఫ్ ఉంటే మెథనాల్, నైట్రోమీథేన్ వంటి ఇంధనాలు వాడవచ్చు. ఆ జి లేదా ఎఫ్ ముందు బి చేరితే, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే సూపర్‌చార్జరో టర్బోనో ఉన్నట్లు. బాడీ 1923–1938 మధ్య అమెరికాలో తయారైన రోడ్‌స్టర్‌దై ఉండాలి, లేదా దానికి సరైన నకలై ఉండాలి. ఎత్తు, వెడల్పు, ఒంపులు మార్చకూడదు. ఫైబర్ నకలు ఒప్పుకుంటారు కాబట్టి తొంభై ఏళ్లు దాటిన అసలు రేకు బాడీని ఎవరూ కోయనక్కరలేదు, అది నాకెంతో ఊరట కలిగించే నియమం.

ఇంకా రంపం పట్టలేదు కాబట్టి ఒక మాట చెబుతాను. 1932 బాడీకి ఆనాటి ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ (వాల్వులు హెడ్‌లో కాక బ్లాకులోనే ఉండే) వి8 ఇంజనే పెట్టే ఆలోచన చేయమనండి. మొదట వచ్చినప్పుడు అది 221 క్యూబిక్ అంగుళాలు, 65 గుర్రాల శక్తి. 1953 దాకా వచ్చిన ఆ ఫ్లాట్‌హెడ్ ఇంజన్లకు ఎక్స్‌ఎఫ్ అనే విడి క్లాసు ఉంది. ఆ క్లాసులో కొత్త ఇంజన్లతో పోటీ ఉండదు, ఉన్న పాత ఇంజన్ నుంచి ఎవరెంత రాబట్టారన్నదే పోటీ. మీలాంటి పనివారి అనుభవం అతనికి అక్కడే ఎక్కువ అక్కరకు వస్తుంది.

ప్రశ్న: వేగం కోసం కట్టే కారులో సీసం దిమ్మెలు పెట్టి బరువు పెంచుతారని చదివాను. తేలికైన కారే కదా వేగంగా పోవాలి? గేరు నిష్పత్తి ఎలా లెక్క కడతారు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: తేలికైన కారు త్వరగా వేగం అందుకుంటుంది, నిజమే. కాని ఉప్పు పొర మీద టైరుకు పట్టు తారు రోడ్డు మీద ఉన్నంత దొరకదు. పరుగుకు మైళ్ల కొద్దీ దూరం ఉంది కనుక మెల్లగా వేగం అందుకున్నా నష్టం లేదు, చక్రం జారి తిరిగితేనే నష్టం. అందుకే వెనక చక్రాలను నేలకు అదిమిపెట్టడానికి బరువు వేస్తారు. అయితే ఆ బరువంతా వెనకే వేస్తే కారు గిర్రున తిరిగిపోయే ప్రమాదం ఉంది. బాణానికి ములుకు ముందు, ఈక వెనక ఉన్నట్లే, కారు గరిమనాభి గాలి తోపుడు కేంద్రానికి ముందుండాలి.

గాలి సంగతి మరీ ముఖ్యం. గాలి నిరోధం వేగం వర్గంతో, దాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతాయి. గంటకు 100 మైళ్ల నుంచి 125కు పోవాలంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. బోనవిల్ సముద్ర మట్టానికి సుమారు 1,280 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల పల్చని గాలి నిరోధాన్ని తగ్గిస్తుంది, ఇంజన్ శక్తినీ తగ్గిస్తుంది.

గేరుకు సులువైన లెక్క ఉంది. ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లను టైరు వ్యాసంతో (అంగుళాల్లో) గుణించి, దాన్ని డిఫరెన్షియల్ నిష్పత్తితోనూ 336తోనూ భాగిస్తే టాప్ గేరులో గంటకు ఎన్ని మైళ్లో వస్తుంది. 5,000 చుట్లు, 28 అంగుళాల టైరు, 3.0 నిష్పత్తి తీసుకోండి: సుమారు 139 మైళ్లు, అంటే 223 కిలోమీటర్లు. టైరు జారుడుకు అందులో కొంత తీసేసుకోవాలి.

ప్రశ్న: మా తాతగారి 1964 అంబాసిడర్ పైకప్పు కోయించి రోడ్‌స్టర్‌గా మార్చి, కళింగపట్నం తీరంలో తడి ఇసుక మీద వేగం చూడాలని మా తమ్ముడి కోరిక. సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: వద్దని గట్టిగా చెప్పండమ్మా. 1930ల నాటి రోడ్‌స్టర్‌కు కింద విడిగా ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. అంబాసిడర్‌కు బాడీయే ఛాసిస్. పైకప్పు కోస్తే మధ్యలో కుంగి తలుపులు కూడా సరిగా పడవు. అది పైన చెప్పిన రోడ్‌స్టర్ క్లాసులోకీ రాదు. పైగా రిజిస్ట్రేషన్ ఉన్న వాహనం స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అనుమతించదు.

తీరం విషయానికొస్తే, వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక ఆటుపోట్లకు మారుతూ ఉంటుంది, మత్స్యకారుల పడవలు, వలలు, మనుషులు ఉంటారు, మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. రికార్డు పరుగులకు పేరుపొందిన వేల్స్ దేశపు పెండైన్ తీరంలోనే 1927 మార్చి 3న ప్యారీ థామస్ అనే అనుభవజ్ఞుడైన డ్రైవరు ప్రాణం పోగొట్టుకున్నాడు.

మీ కారు విలువ అది ఉన్న రూపంలోనే ఉంది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు. నంబరు పలకలో “విఎ” అక్షరాలు వస్తాయి. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్లవచ్చు గాని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. దరఖాస్తు పరివాహన్ పోర్టల్‌లో చేయాలి. తాతగారి పాత ఆర్‌సీ, అమల్లో ఉన్న బీమా పత్రం ముందుగా వెతికి పెట్టుకోండి.