డాక్టరమ్మకు ఉత్తరాలు: బోరు నీళ్ల మీద పరిశోధన

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది దర్శి దగ్గర పల్లెటూరు. ఒంగోలులో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నా. ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ రాశాను, లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని మళ్లీ రాశాను, సీటు రాలేదు. మా పెదనాన్న గారి అమ్మాయి అమెరికాలో ప్రీ-మెడ్, అంటే మెడిసిన్‌కు ముందు డిగ్రీ, చదువుతోంది. ల్యాబ్‌లో రీసెర్చ్, ఆస్పత్రిలో వాలంటీర్ పని అంటూ చాలా చేస్తోంది. నేనూ మా మండలంలో ఫ్లోరైడ్ మీద ఏదైనా చేయాలనుకుంటున్నా. బడి పిల్లల పళ్లు చూసి, ఫొటోలు తీసి, లెక్క రాయాలని ఉంది. ఎన్‌ఎస్‌ఎస్ తరఫున ఫ్రీ క్యాంప్ కూడా పెడదామని ఆలోచన. ఇవి ఎంబీబీఎస్ సీటుకు పనికొస్తాయా? ఇంట్లో 'అవన్నీ నీకెందుకు, మళ్లీ నీట్‌కు కూర్చో' అంటున్నారు. పైగా కొత్తవాళ్లతో మాట్లాడాలంటేనే నాకు టెన్షన్.
- పేరు రాయొద్దు, ప్రకాశం జిల్లా

జవాబు: సీటుకు పనికిరావమ్మా. ఒక్క మార్కు కూడా కలవదు. మన దగ్గర నీట్‌లో 720కి ఎన్నొచ్చాయన్నదే లెక్క. రిజర్వేషన్లయినా, ఎన్‌సీసీ కోటా అయినా ఆ ర్యాంకు చేతిలో పెట్టుకుని అడగాల్సినవే. మీ అక్క సంగతి వేరు. అక్కడ చాలా మెడికల్ కాలేజీలకు కలిపి ఉండే దరఖాస్తులో, చేసిన పనులు 15 దాకా రాయొచ్చు. వాటిలో ముఖ్యమైనవి మూడు ఎంచుకుని వివరంగా చెప్పుకోవచ్చు. ఆ అమ్మాయికి ల్యాబ్ పని చదువులో భాగమే. నిన్ను ఎవరూ అడగరు. అడగరు కనుక కాగితం మీద బరువు పెంచడానికి నాలుగు పనులు ఎత్తుకోనక్కర్లేదు. ఒక్కటి పట్టుకో, సరిగ్గా చెయ్యి.

ఇక ఫ్లోరైడ్. నువ్వు ఎంచుకున్న విషయానికి మీ ప్రాంతంలో పెద్ద చరిత్రే ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు మచ్చలు పడి, ఎముకలు, కీళ్లు పట్టేసే జబ్బే ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి మొదట శాస్త్రీయంగా రాసింది 1937లో. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఇండియన్ మెడికల్ గెజిట్ అనే వైద్య పత్రికలో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ అని పేరు పెట్టే రాశారు. అప్పటికి మీ దర్శి, పొదిలి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోనివే. ఒంగోలు కేంద్రంగా జిల్లా వచ్చింది 1970లో కదా. ఆ ముగ్గురిలో పండిట్ గారు తర్వాత దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు. డాక్టర్ల కంటే ముందు, ఎద్దులు కాళ్లు పట్టేసి లేవలేకపోవడం రైతులే గమనించారని చెబుతారు. నాకు ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. ఆ వైపు పీహెచ్‌సీలో పనిచేసినప్పుడు మోకాళ్ల నొప్పులని వచ్చినవాళ్లను 'ఏ బోరు నీళ్లు తాగుతారు' అని అడిగితే, నేను ముగించేలోపే వాళ్లు ఏ బోరు నీళ్లు చప్పగా ఉంటాయో, ఏవి ఉప్పగా ఉంటాయో ఊరి పటమంతా చెప్పేవాళ్లు.

అంచేత 'మా ఊళ్లో ఫ్లోరైడ్ ఉంది' అని తేల్చడం పరిశోధన కాదు. అది తేలి దాదాపు తొంభై ఏళ్లవుతోంది. చిన్న ప్రశ్న వేసుకో. నాకు తోచింది ఒకటి చెబుతా. ఇప్పుడు చాలా ఇళ్లలో తాగడానికి క్యాన్ నీళ్లు కొంటున్నారు. మరి అన్నం, పప్పు, టీ వేటితో చేస్తున్నారు? చాలాచోట్ల బోరు నీళ్లతోనే. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఒక ఊళ్లో ఏ ఇల్లు ఏ నీళ్లు ఎందుకు వాడుతోంది, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, మే నెలలో ఎంత, ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక డిసెంబరులో ఎంత? డిగ్రీ విద్యార్థికి ఇది చాలు. ఎక్కువే.

నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టు, గాజు సీసా వద్దు. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. మోటారు వేసి కాసేపు నీళ్లు వదిలేసి, అవే నీళ్లతో సీసా తొలిచి, అప్పుడు నింపు. బోరు ఎక్కడ, ఎన్ని అడుగులు, తేదీ ఎంత అన్నది సీసా మీద అక్కడికక్కడే రాయి; ఇంటికొచ్చి రాద్దామనుకుంటే సీసాలు కలిసిపోతాయి. మీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచే పరికరం, ఉందేమో అడుగు. లేకపోతే రంగు మార్పుతో కొలిచే పద్ధతి ఉంటుంది. లెక్క తెలిసిన ద్రావణంతో ముందు మిషన్‌ను సరిచూసుకుని, ప్రతి నీటినీ రెండుసార్లు కొలువు. రెండూ పొంతన లేకపోతే ఆ అంకె కొట్టేయాల్సిందే, నీకు నచ్చింది ఉంచుకోకూడదు. మన ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

పిల్లల పళ్ల ఫొటోలు మాత్రం వద్దు. నేను గట్టిగానే చెబుతున్నా. పళ్ల మచ్చల్లో ఏది ఫ్లోరైడ్ వల్ల, ఏది వేరే కారణం వల్ల అన్నది శిక్షణ లేకుండా చెప్పలేం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను పరిశోధనలోకి తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, దానికి ముందు, పరిశోధనలో ఎవరికీ అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. నియమాలు పక్కన పెట్టినా, ఆ ఊరి ఆడపిల్ల నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుందని నీకు తెలియనిది కాదు. ఆ ఫొటో ఎవరి ఫోన్లోకి పోతుందో, ఏ పెళ్లి సంబంధం దగ్గర బయటపడుతుందో! బోర్లకు ఆ బాధ లేదు.

సేవ అన్నావు. ఒకరోజు క్యాంప్ పెట్టి, బీపీ చూసి, బ్యానర్ ముందు ఫొటో దిగి వచ్చేయడం మీద నాకు పెద్ద గౌరవం లేదు. బీపీ ఎక్కువని చెప్పిన ముసలాయన మర్నాడు ఎక్కడికి వెళ్లాలో ఎవరు చెబుతారు? ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు చేయాలి. వాటిలో సగమన్నా ఒకేచోట గడుపు. ఒంగోలు పెద్దాస్పత్రిలో మీ ప్రోగ్రామ్ ఆఫీసర్ ద్వారా అనుమతి తీసుకుని, వారానికొక పూట ఓపీ దగ్గర నిలబడు. చదువురాని వాళ్లకు చీటీ ఎక్కడ తీసుకోవాలో, ఎక్స్‌రే ఏ గదిలోనో, మందుల కౌంటర్ ఎక్కడో చూపించు. డాక్టర్ 'రోజుకు రెండుసార్లు' అంటే పేషెంట్ ఏమర్థం చేసుకుంటాడో అక్కడే తెలుస్తుంది. మాకు ఆ పాఠం ఎంబీబీఎస్‌లో ఎవరూ చెప్పలేదు.

టెన్షన్ సంగతి. 'మీకు జబ్బుందా' అని మొదలుపెడితే ఎవరూ మాట్లాడరు. 'పెద్దాయనా, మీ బోరు ఎన్ని అడుగులు వేశారు' అని అడిగి చూడు. ఎన్ని బోర్లు ఎండాయో, ఎంత అప్పయిందో అన్నీ వస్తాయి, ఆపడమే కష్టం. ఇక కొలిచాక అంకెలు కాలేజీలో దాచుకోకుండా, నీళ్లు ఇచ్చిన ప్రతి ఇంటికీ తిరిగి వెళ్లి చెప్పు. ఎక్కువ వచ్చిన బోర్ల జాబితా గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ఇవ్వు.

ఇంట్లోవాళ్ల మాట కూడా తీసేయలేను. నీట్‌కు ఇప్పుడు పై వయసు పరిమితి లేదు, 2022లో ఎత్తేశారు. కాబట్టి తలుపు మూసుకుపోలేదు. అయితే పరీక్ష మే మొదట్లో వస్తుంది. రాసే ఏడాది డిసెంబరు నమూనాలతో ఆపేసి, జనవరి నుంచి పుస్తకాలు తప్ప వేరే పని పెట్టుకోకు. మే నెల నమూనాలు పరీక్ష రాసొచ్చాకే.

ప్రశ్న: అమ్మా, నేను కావలిలో రిటైర్డ్ హెడ్మాస్టర్‌ను. మా మనవడు అమెరికాలో ప్రీ-మెడ్ అంటున్నాడు. అది డాక్టర్ చదువు కాదా? సెలవుల్లో వచ్చి ఇక్కడి నర్సింగ్ హోమ్‌లో కుట్లు వేయడం నేర్చుకుంటాడట. తెలిసిన డాక్టరుతో మాట్లాడమంటున్నాడు.

జవాబు: మాస్టారూ, ప్రీ-మెడ్ అనేది డిగ్రీ కాదు. అక్కడ ముందు నాలుగేళ్లు ఏదో ఒక డిగ్రీ చదవాలి, అందులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ పాఠాలు కొన్ని ఉండాలి. ఎంక్యాట్ అనే పరీక్ష రాయాలి. ఆ తర్వాత మెడికల్ కాలేజీ నాలుగేళ్లు, ఆపైన రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో శిక్షణ, కనీసం మూడేళ్లు. మీవాడు ఇంకా గుమ్మం బయటే ఉన్నాడు.

కుట్లు మాత్రం వేయనివ్వకండి. అమెరికాలోని మెడికల్ కాలేజీల సంఘమే, విద్యార్థులు విదేశాలకు వెళ్లినప్పుడు తమకు రాని వైద్యం రోగులపై చేయకూడదని మార్గదర్శకాలు రాసిపెట్టింది. అలా చేసినట్టు దరఖాస్తులో రాస్తే అక్కడ మెచ్చుకోకపోగా అనుమానిస్తారు. మన కావలి రోగి వాడి ప్రాక్టీసుకు బొమ్మ కాదు కదా. రోగి ఒప్పుకుంటే, డాక్టరు పక్కన నిలబడి చూడమనండి, చాలు. తెలుగు ధారాళంగా రాకపోతే ముందు మీ దగ్గర కూర్చుని 'నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి' అని అడగడం నేర్చుకోమనండి.

ప్రశ్న: నెల్లూరులో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. రీసెర్చ్ చేయాలంటే పీజీ దాకా ఆగాలా?
- ఆత్మకూరు నుంచి

జవాబు: అక్కర్లేదు నాయనా. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకోసమే ఐసీఎంఆర్ రెండు నెలల పరిశోధన స్టూడెంట్‌షిప్ ఇస్తుంది, 1979 నుంచీ ఉంది. గైడ్ కావాలి కనుక నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా మీ కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లను ఈ వారమే కలువు.