మైనం కథ తీసెయ్యి

ప్రియమైన అమ్మాయికి,

వందనాలు. "కుశలమా మాస్టారూ" అంటూ నువ్వు రాసిన ఉత్తరం, దాంతోపాటు బైబిల్లోని నిష్కపటం గురించి నువ్వు రాసిన 'నిష్కపటమైన విశ్వాసం' వ్యాసం అందాయి. మోకాళ్ల నొప్పి తప్ప కుశలమే. వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని.

చేదు మాట ముందే చెప్పేస్తాను. మొదటి పేరాలోని మైనం కథ తీసెయ్యి. రోములో శిల్పులు పాలరాతి బొమ్మల్లో పగుళ్లని మైనంతో పూడ్చి అమ్మేవారని, నిజాయితీపరుడైన శిల్పి తన బొమ్మని 'సీనే కేరా', అంటే 'మైనం లేనిది', అని చెప్పి అమ్మేవాడని, ఆ మాటలోంచే నిష్కపటానికి వాడే ఇంగ్లీషు మాట 'సిన్సియర్' పుట్టిందని రాశావు. బాగానే రాశావు. ఎండకి మైనం కరిగి బొమ్మ ముక్కు జారిపోయిన చోట నవ్వుకున్నాను కూడా. కానీ అది ఎవరో అల్లిన కథ. నిఘంటువులు రాసేవాళ్లు దాన్ని ఒప్పుకోరు. లాటిన్‌లో 'సిన్కేరుస్' అంటే శుద్ధమైనది, కల్తీ లేనిది. ఆ మాటకి మైనంతో చుట్టరికం ఉందనడానికి ఆధారం లేదు.

నీ మీద కోపం లేదు. ముప్పై ఏళ్ల కిందట ఒక యూత్ మీటింగులో నేనూ ఈ కథే చెప్పాను. అందరూ తలలూపారు. మీటింగు అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "కథ బాగుంది తమ్ముడూ. పౌలు కొరింథీయులకి ఏ భాషలో రాశాడు?" అని అడిగారు. కొరింథు సంఘానికి ఆ అపొస్తలుడు ఉత్తరాలు రాసింది గ్రీకులోనే కాబట్టి గ్రీకులో అన్నాను. "మరి ఆ మైనం ఏ భాషది?" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లాటిన్ మాట గురించి అల్లిన కథ ఇంగ్లీషు ప్రసంగాల్లోకి ఎక్కింది, అక్కడినుంచి తెలుగు ప్రసంగాల్లోకి దిగింది. దారిలో గ్రీకు గుమ్మం తొక్కనే లేదు. మన తెలుగు బైబిల్లో 'సిన్సియర్' అన్న మాటే లేదు కదా, దాని పుట్టుకతో మనకేం పని?

పౌలు వాడిన మాట 'ఎయిలిక్రినేయ'. 1 కొరింథీ 5:8లో, 2 కొరింథీ 1:12లో, 2:17లో ఉంది. మూడు చోట్లా మనవాళ్లు 'నిష్కాపట్యము' అని తెచ్చారు. దీనికీ ఒక కథ ఉంది, నువ్వు పుస్తకాలు తిరగేస్తే తప్పకుండా తగులుతుంది. మాటలో మొదటి భాగం ఎండ, రెండోది తీర్పు, కాబట్టి 'ఎండలో పెట్టి పరీక్షించినది' అని అర్థమంటారు. చీర రంగు చూడ్డానికి మనం కొట్లోంచి వీధిలోకి తెచ్చి చూసుకున్నట్టు. ఇది కనీసం గ్రీకు మాట గురించి చెప్పే కథ, మైనం కథకంటే నయం. అయినా ఆ వ్యుత్పత్తి ఖాయం కాదు. ఖాయమే అనుకున్నా, పౌలు ఆ మాట రాసేటప్పుడు ఎండని తలుచుకున్నాడని ఎలా చెప్తాం? నువ్వు నన్ను 'కుశలమా' అని అడిగావు. కుశలుడంటే చెయ్యి తెగకుండా కుశగడ్డి కోసుకొచ్చేవాడు అని సంస్కృత పండితులు చెప్తారు. నువ్వు నన్ను గడ్డి గురించి అడగలేదు కదా!

మాట పుట్టుక కాదు, వాడుక చూడు. పౌలుకంటే దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందు ప్లేటో ఈ మాటని 'ఇంకేదీ కలవనిది' అన్న అర్థంలో వాడాడు. కొరింథీ పత్రికలో చూడు, దాని పక్కన ఏముందో. పులిపిండి. యూదులు పస్కా పండుగకి ఇంట్లో పులిసిన పిండి లేకుండా ఊడ్చేసేవారు. పిండి ముద్దలో కొంచెం పులుపు కలిస్తే చాలు, ముద్దంతా పులుస్తుంది. ఆ పులుపుకి ఎదురుగా పౌలు పెట్టిన మాట ఎయిలిక్రినేయ. ఇక రెండో పత్రిక 2:17. "దేవుని వాక్యమును కలిపి చెరిపెడు అనేకులవలె" ఉండము అంటాడు. 'కలిపి చెరిపెడు'! మన అనువాదకులకి చెయ్యెత్తి దండం పెట్టాలనిపించే చోట్లలో ఇదొకటి. అక్కడి గ్రీకు క్రియ 'కపేలోస్' నుంచి వచ్చింది, అంటే చిల్లర వర్తకుడు, ముఖ్యంగా ద్రాక్షారసం అమ్మేవాడు. యెషయా 1:22లో "నీ ద్రాక్షారసము నీళ్లతో కలిసి చెడిపోయెను" అని చదువుతాం కదా, పాత గ్రీకు అనువాదంలో ఆ నీళ్లు కలిపేది ఈ కపేలోసులే. కొందరు అనువాదకులు ఆ క్రియని 'లాభానికి అమ్ముకోవడం' అని మాత్రమే తీసుకుంటారు. నాకైతే నీళ్లు కలిపే చెయ్యే కనిపిస్తుంది.

ఇప్పుడు నీ రెండో పేజీ. 'నిష్కపటం' అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఒకే అర్థం చెప్పుకుంటూ పోయావు. తప్పు నీది కాదు, తెలుగులో మాట ఒకటే. గ్రీకులో మాత్రం ఆ తెర వెనక కనీసం ముగ్గురున్నారు. పులిపిండి పక్కనున్నది ఎయిలిక్రినేయ. తన దగ్గరికి వస్తున్న నతనయేలుని చూసి యేసు "ఇతనియందు ఏ కపటమును లేదు" అన్నప్పుడు అక్కడున్నది 'దోలోస్', అంటే ఎర, మోసం. అది లేనిది 'అదోలోస్'. ఈజిప్టు ఇసుకలో దొరికిన పపైరస్ కాగితాల్లో ధాన్యం గురించి ఈ మాటే రాసుకున్నారు, కల్తీ లేని గోధుమలు అని. 1 పేతురు 2:2లో పాలకి వాడినదీ అదే, మన బైబిల్లో "నిర్మలమైన". పాలవాడితో రోజూ గొడవపడే మనకి దీని అర్థం ఒకరు చెప్పాలా?

మూడోది నీ శీర్షికలోనే ఉంది. 2 తిమోతి 1:5లోని 'నిష్కపటమైన' అన్నది గ్రీకులో 'అనుపోక్రితోస్'. 'హుపోక్రితేస్' కానిది. హుపోక్రితేస్ అంటే నాటకంలో వేషం కట్టేవాడు. మనవాళ్లు దాన్ని 'వేషధారి' అని అద్భుతంగా తెచ్చారు, నాటకశాల వాసన పోకుండా. గ్రీకువాడికి "వేషధారులారా" అన్న మాట వినగానే "నిష్కపటమైన ప్రేమ" దానికి సరిగ్గా వ్యతిరేకమని చెవికే తెలుస్తుంది. తెలుగులో ఆ తాడు తెగిపోయింది. రోమా 12:9ని 'మీ ప్రేమ వేషం లేనిదై ఉండాలి' అని ఒకసారి నీలో నువ్వు చదువుకో. ఆదివారం గుడి మెట్ల దగ్గర మనం చేతులు జోడించే తీరు గుర్తుకొస్తుంది. నాకు వచ్చింది.

వేషధారి అంటే దుర్మార్గుడే అనుకున్నావు నువ్వు. గలతీ పత్రిక రెండో అధ్యాయం మళ్లీ చదువు. అంతియొకయలో యేసు శిష్యుడు పేతురు అన్యజనులతో, అంటే యూదులు కలిసి తినకూడదనుకునే బయటివాళ్లతో, కలిసి భోంచేస్తూ ఉన్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి భయపడి పక్కకి జరిగాడు. మిగిలిన యూదులూ అతనితో కలిసి "మాయవేషము వేసికొనిరి" అంటాడు పౌలు, తన తోటి సేవకుడు బర్నబా కూడా అందులో కొట్టుకుపోయాడు. అక్కడ ఎవరినీ ముంచాలన్న ఆలోచన లేదు. నలుగురు చూస్తున్నారన్న టెన్షన్, విస్తరి దగ్గరనుంచి లేచిపోవడం, అంతే. ఆ తర్వాత పేతురు పేరున ఉన్న పత్రికలో సహోదరప్రేమ ఎలా ఉండాలో చెప్పడానికి ఏ మాట వాడారో చూడు, 1:22. అనుపోక్రితోస్! అక్కడికి వచ్చినప్పుడల్లా నేను ఆగిపోతాను.

అందుకే "మనస్ఫూర్తిగా నమ్మితే చాలు" అన్న నీ వాక్యం కింద గీత గీశాను. ఇప్పటి వాడుకలో సిన్సియర్ అంటే ఎంత గట్టిగా అనిపిస్తోంది అన్నదే. సౌలు, అంటే మారకముందు పౌలు, సంఘాన్ని హింసించినప్పుడు అర్ధమనసుతో చేశాడా? పూర్తి మనసుతోనే చేశాడు. ఈ గ్రీకు మాటలు మనసు వేడిని కొలవవు. అందులో ఏం కలిసిందో అడుగుతాయి.

నాలుగో పేజీలో టీవీ ప్రసంగీకుల మీద నువ్వు కురిపించిన నిప్పులు కూడా కొట్టేశాను. వాళ్లు మంచివాళ్లని కాదు. వాళ్ల మనసులో ఏం కలిసిందో నీకెలా తెలుసు? తన మీద అసూయతో ప్రకటించేవాళ్ల గురించి జైల్లో ఉన్న పౌలు ఏమన్నాడు? "మిషచేతనే గాని, సత్యముచేతనే గాని" క్రీస్తు ప్రకటింపబడుతున్నాడు, సంతోషమే అన్నాడు. నాకు ఇప్పటికీ కొరుకుడుపడని వచనం అది. నీకు అర్థమైతే నాకూ రాసి పంపు.

ఇక మీ అమ్మమ్మ. తిమోతి అవ్వ లోయి పేరు రాశావు, 'అవ్వయైన లోయి' అని. ఆ పక్కనే మీ అమ్మమ్మని రెండే వాక్యాల్లో తెచ్చి పంపించేశావు. కూరగాయలామె పొరపాటున పది రూపాయలు ఎక్కువ ఇచ్చిందని తెలిసి, కుటుంబ ప్రార్థన మధ్యలో లేచి చెప్పులేసుకుని వెళ్లిందన్నావు. మైనం కథకి అర పేజీ, ఆమెకి రెండు వాక్యాలా? ఆ మొదటి పేరా ఖాళీ అయింది కదా, అక్కడ ఆమెని కూర్చోబెట్టు. అప్పుడు వర్షం పడుతోందా? మీ తాతగారు ప్రార్థన ఆపారా, కొనసాగించారా? కూరగాయలామె దొరికిందా?

కనుక్కుని రాయి. తెలియకపోతే అమ్మని అడుగు, నువ్వు మాత్రం కల్పించకు.

ఆశీస్సులతో,
మాస్టారు