చింతపిక్కలు, పసుపు కాగితం, ఇడ్లీ రేకు: పిల్లలతో ఇంట్లో ఆటలు

చి.ల.సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

పాపకు నాలుగున్నర, బాబుకు రెండు నిండబోతున్నాయి, సెలవుల్లో ఇద్దరినీ ఇంట్లో ఏం ఆడించాలో రాయమన్నావు. వివరంగానే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందుగా, రోజుకో కొత్త ఆట కోసం వెతుక్కోకు. నిన్నటి ఆటే ఇవాళ ఒక మెట్టు కష్టంగా ఉంటే పిల్లలకు అది కొత్త ఆటే. రోజూ కొత్తది చూపిస్తూ పోతే ఏదీ చేతికి పట్టుబడక ముందే మారిపోతుంది, వాళ్లకు చూడటం అలవాటవుతుంది గానీ చేయడం అలవాటు కాదు. ఒక గిన్నెడు చింతపిక్కలతో నెల రోజులు హాయిగా గడుస్తాయి. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తాను.

కొత్త చింతపండు కొట్టే రోజులు కాబట్టి పిక్కలకు కరువుండదు. వందదాకా ఏరి పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, గుజ్జు పోయేలా రుద్ది కడిగి, ఒక రోజు ఎండలో పెట్టు. గుజ్జు మిగిలితే చీమలు పడతాయి, వేళ్లకు అంటుకుని పాప చిరాకు పడుతుంది. వీటితో పాటు ఒక గుప్పెడు కుంకుడు గింజలు కూడా ఉంచు.

మొదటి రెండు మూడు రోజులు వేరు చేయడమే ఆట. పది చింతపిక్కలు, పది కుంకుడు గింజలు కలిపి ఒక గిన్నెలో పోసి, రెండు ఖాళీ గిన్నెలు ముందు పెట్టు. ఏది ఎందులో వేయాలో నువ్వు చెప్పకు. పాప రంగును బట్టి విడదీయవచ్చు, గుండ్రం, పలక అని ఆకారాన్ని బట్టి విడదీయవచ్చు. ఎలా విడదీసిందో అయ్యాక అడుగు, తన మాటల్లో చెప్పనీ. ఆ చెప్పడంలోనే లెక్క మొదలవుతుంది.

తర్వాత లెక్కపెట్టడం. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్పే పిల్ల కూడా ఎదురుగా ఉన్న ఏడు పిక్కల్ని తొమ్మిది అంటుంది. వేలు ఒక పిక్క దాటేలోపు నోరు రెండు అంకెలు దాటేస్తుంది, అంతే కారణం. దానికి ఇడ్లీ రేకు చక్కగా పనికొస్తుంది. గుంటకొక్క పిక్క పెడుతూ అంకె చెప్పించు. పిక్క గుంటలో పడితేనే అంకె బయటికి రావాలి. లేదంటే ఖాళీ స్టీలు గిన్నెలో ఒక్కొక్కటే వేయించు, చప్పుడుకొక అంకె. తప్పు లెక్కపెడితే "కాదు" అనకు, "మళ్లీ గిన్నెలో వేస్తూ చూద్దామా" అను. ఇంకో సంగతి. అయిదు పిక్కల్ని దగ్గరగా ఒక వరుస, అయిదింటిని ఎడంగా ఒక వరుస పేర్చి ఏ వరుసలో ఎక్కువున్నాయని అడిగితే ఈ వయసు పిల్లలు చాలామంది పొడుగాటి వరుసనే చూపిస్తారు. దాన్ని దిద్దాలని పంతం పట్టకు. ఆరేడేళ్లకు అదే తెలుస్తుంది, ఇప్పుడు ఎంత చెప్పినా నీ మొహం చూసి ఒప్పుకుంటుందే గానీ దానికి తోచి కాదు.

లెక్క కుదిరాక దాచుడాట. సరిగ్గా అయిదు పిక్కలు పాపకు చూపించి లెక్కపెట్టించు. కళ్లు మూసుకోమని, కొన్నిటి మీద గిన్నె బోర్లించు. బయట మూడు కనిపిస్తున్నాయి, లోపల ఎన్ని? గిన్నె ఎత్తి చూసుకోవడమే దాని సరదా. అయిదుతో తడుముకోకుండా చెప్పేదాకా ఆరుకు వెళ్లకు, వారం పట్టినా పరవాలేదు. చాలామంది ఒక్కసారిగా పదికి వెళ్లి ఆట పాడుచేస్తారు. అప్పుడది ఊహించడం మాని ఊరికే ఏదో ఒక అంకె విసురుతుంది. మధ్యలో సరి, బేసి కూడా ఆడించు. గుప్పిట్లో కొన్ని పట్టుకుని సరా, బేసా అని అడుగు, తర్వాత రెండేసి జతలుగా పేర్చి చూపించు. జతలేని పిక్క ఒకటి మిగిలితే బేసి. వేరే పాఠమేమీ అక్కర్లేదు.

ఇవన్నీ వచ్చాక వామనగుంటలు. పీట లేకపోతే డజను గుడ్ల అట్టపెట్టె తెచ్చుకో, రెండు వరుసల్లో ఆరేసి గుంటలుంటాయి. అసలు పీటకు ఏడేసి చొప్పున పద్నాలుగు. మొదట్లో మూడేసి గుంటలతోనే, గుంటకు మూడు పిక్కలతో ఆడండి, మొత్తం పద్దెనిమిది. ఊరికో తీరు ఉంటుంది గానీ పిల్లలకు ఇది చాలు. తన వైపు ఏదో ఒక గుంటలోవన్నీ తీసి, పక్క గుంట నుంచి ఒక్కొక్కటీ పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే ఆ తర్వాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. ఆ తర్వాతి గుంట ఖాళీగా ఉంటే దాన్ని వేలితో తుడిచి, దాని అవతలి గుంటలోవి గెలుచుకోవాలి. వరుసగా రెండు ఖాళీ వస్తే ఏమీ దక్కదు. అక్కడితో వంతు మారుతుంది. ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు ఒకటే, పంచేటప్పుడు ఒక గుంట దాటేయడమో, ఒకే గుంటలో రెండు వేయడమో. ఎడమ చేతి గుప్పిట్లో పిక్కలు ఉంచుకుని కుడి చేత్తో ఒక్కొక్కటే తీసి వేయమను, అది తగ్గిపోతుంది. కొన్నాళ్లకు ఏ గుంట నుంచి మొదలుపెడితే లాభమో తనే ముందుగా చూపుతో లెక్కవేయడం గమనిస్తావు. అప్పుడు గుంటలు, పిక్కలు పెంచు. ప్రతిసారీ కావాలని ఓడిపోకు. చిన్న చిన్న ఆటలు నాలుగైదు వేస్తే ఒకటి రెండు ఓడినా ఏడుపు రాదు, ఓటమి ఎలా ఉంటుందో తెలుస్తుంది.

అష్టాచెమ్మా మాత్రం ఇంకో ఏడాది ఆగి మొదలుపెట్టు. నాలుగు గవ్వలు వెల్లకిల పడితే చెమ్మా, నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఇలా గుర్తుపెట్టుకుంటూ బయటి పదహారు గళ్లు ఒకవైపు, లోపలి ఎనిమిది గళ్లు ఎదురువైపు తిరగడం నాలుగేళ్లకు బరువే.

బాబు సంగతి మరవకు. మూడేళ్లలోపు పిల్లల చేతికి పిక్కలు, గింజలు, పూసలు అందకూడదు. నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. ముక్కులో పెట్టుకుంటే గింజ తడికి ఉబ్బి బిగుసుకుంటుంది. అలా జరిగితే చిమటాతోనో పుల్లతోనో తీయబోకు, ఇంకా లోపలికి పోతుంది, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఆట ముందు, ఆట తర్వాత పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో పోయడం పాప పనిగా పెట్టు. లెక్కా వస్తుంది, కాపలా కూడా. ఆ సమయంలో బాబుకు స్టీలు గ్లాసులు, డబ్బాల మూతలు, పెద్ద బంగాళాదుంపలు ఇవ్వు. ఏ మూత ఏ డబ్బాకు సరిపోతుందో వెతుక్కోవడం వాడికి పెద్ద పనే.

ఇక పసుపు. పాప పాత గౌను వేసుకున్న రోజునే మొదలుపెట్టండి. చెంచా పసుపులో నాలుగు చెంచాల నీళ్లు కలిపి, తెల్ల కాగితం మీద బ్రష్‌తోనో దూదితోనో పూసి నీడలో ఆరబెట్టు. ఆరాక పైన మిగిలిన పొడిని పొడిగుడ్డతో తుడిచెయ్యి. ఒంటికి రుద్దుకునే సబ్బు ముక్కను పావు కప్పు నీళ్లలో అరగదీసి, ఇయర్‌బడ్ ముంచి పసుపు కాగితం మీద గీత గీయించు. ముందే "ఏ రంగు వస్తుందనుకుంటున్నావు" అని అడగడం మాత్రం మానకు, జవాబు ఏదైనా సరే. గీత ఎర్రగా తేలుతుంది. దాని మీదే నిమ్మరసం చుక్క వేయిస్తే మళ్లీ పసుపు పచ్చనవుతుంది. చింతపండు పులుసైనా అంతే. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కడం, పులుపు తగిలితే వెనక్కి రావడం. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేదీ, పసుపు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రబడేదీ ఇందుకే. ఈ రెండూ పాపకు చూపించు, పేర్లు పెట్టి చెప్పక్కర్లేదు.

రంగు మారలేదంటే ఎక్కువగా సబ్బుదే లోపం. చేతులు కడుక్కునే ద్రవాలు చాలావాటిలో క్షారం ఉండదు. వంటసోడా వాడితే ఎరుపు కాస్త గోధుమ రంగులో వస్తుంది. బేకింగ్ పౌడరు మాత్రం వద్దు, అందులోనే పులుపు కలిసి ఉంటుంది కాబట్టి పని చేయదు. సున్నం ఎంత బాగా ఎరుపెక్కించినా పిల్లల చేతికి ఇవ్వొద్దు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. సబ్బు నీళ్లూ కంట్లో మండుతాయి కనుక గిన్నె నీ పక్కనే ఉంచుకో.

మిగిలిన పసుపు కాగితం మీద ఒక జామాకు పెట్టి, పైన గాజు పలక ఉంచి డాబా మీద మంచి ఎండలో రెండు మూడు రోజులు పెట్టు. గాజు అంచులు పదునుంటాయి, ఆ పని నువ్వే చెయ్యి. ఎండ తగిలినచోట పసుపు వెలిసిపోతుంది, ఆకు కింద మాత్రం అలాగే ఉండి ఆకు బొమ్మ పడుతుంది. బొమ్మ సరిగా పడకపోతే పొర మందంగా పూశారన్నమాట. గౌను మీద పడిన మరకకూ ఇదే మందు. ఉతికి ఎండలో ఆరేస్తే రెండు మూడు ఎండలకు తగ్గిపోతుంది.

శంఖుపూలు దొరికితే ఎనిమిదో పదో వేడినీళ్లలో వేసి అయిదు నిమిషాలు ఉంచు. నీలం నీళ్లు వస్తాయి. నిమ్మరసానికి ఊదా, గులాబీ రంగులకు తిరుగుతాయి, వంటసోడాకు ఆకుపచ్చకు. వేడినీళ్లు పోయడం నీ పని, చుక్కలు వేయడం పాప పని. పూలు దొరకకపోతే ఎర్ర మందార రేకులతో చేయండి.

మెంతులు వేయడం అందరూ చేయిస్తారు గానీ, చాలాసార్లు కుళ్లబెట్టి వదిలేస్తారు. కారణం నీళ్లు. మగ్గు పిల్లల చేతికిస్తే కుమ్మరించేస్తారు. కొబ్బరిచిప్ప అడుగున కన్నం పెట్టించి మట్టి నింపు. రాత్రంతా నానిన మెంతులు ఒక చెంచా పైన చల్లి, పలచగా మట్టి కప్పించు. పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు చెంచాల నీళ్లు, అంతే. మండే ఎండలో కాకుండా కిటికీ దగ్గర పెట్టు. రెండు మూడు రోజులకు మొలకలు కనిపిస్తాయి, రెండు వారాల్లోపే కత్తిరించి పప్పులో వేసుకోవచ్చు. ఇంకో చిప్ప అలమరలో చీకట్లో పెడితే మొలకలు పాలిపోయి పొడుగ్గా సాగుతాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించు. పాప రోజుకోసారి మట్టి తవ్వి చూస్తానంటుంది. దాన్ని ఆపలేవు, అందుకే తవ్వుకోవడానికని విడిగా గ్లాసులో తడి దూది మీద నాలుగు గింజలు వేసి ఇవ్వు.

అక్షరాల గురించి తొందరపడుతున్నావని నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. పెన్సిలు ఇప్పుడే వద్దు. వేళ్లకు బలం బఠానీలు ఒలవడం, మెంతాకు తుంచడం, చిక్కుడు నారలు తీయడం, చపాతీ పిండి నొక్కడం వల్ల వస్తుంది. వెడల్పు పళ్లెంలో మూడు నాలుగు చెంచాల బొంబాయి రవ్వ పలచగా పరిచి వేలితో రాయించు. రవ్వ ఎక్కువ పోస్తే గీత పడగానే పూడిపోతుంది. అడుగు ముదురు రంగు పళ్లెమైతే గీత బాగా కనిపిస్తుంది. వరుసగా అ, ఆ నుంచే రాయించాలని లేదు. సున్న చుట్టడం వస్తే, తలకట్టు పెడితే ర, దానికి మధ్యలో చుక్క పెడితే ఠ. ఇవి వచ్చాయంటే తక్కినవాటికి ధైర్యం వస్తుంది.

బొమ్మలకు పిండి కావాలంటే రెండు కప్పుల గోధుమపిండి, కప్పు ఉప్పు, ముప్పావు కప్పు నీళ్లు, చెంచా నూనె. నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలుపు. జిగురుగా ఉంటే పిండి చల్లు, పగుళ్లు వస్తుంటే తడి చేత్తో పిసుకు. మూత గట్టి డబ్బాలో వారం ఉంటుంది. వాన ముసురు పట్టినప్పుడు ఉప్పు చెమ్మ పీల్చి కారుతుంది, అప్పుడు కొత్తది కలుపుకోవడమే మేలు. బొమ్మలు పలచగా చేయించి నీడలో ఆరబెట్టు. ఎండలో పైపొర ముందే బిగిసి చీలిపోతుంది. ఈ పిండి తినకూడదు, ఉప్పు మరీ ఎక్కువ. బాబుకు ఉత్త చపాతీ పిండి ముద్ద ఇవ్వు.

ఏ ఆటైనా పది పదిహేను నిమిషాలు. పాప "ఇంకా" అంటుండగానే డబ్బా మూసెయ్యి, రేపు తనే తెస్తుంది. సామానంతా ముందు పళ్లెంలో సర్దుకున్నాకే పిల్లల్ని పిలువు. నువ్వు కత్తెర వెతుక్కునేలోపు వాళ్ల మనసు ఇంకెక్కడికో పోతుంది. ఆకలి వేళ, నిద్ర వేళ అసలు మొదలుపెట్టకు. కరెంటు పోయినప్పుడు, వంట చేస్తున్నప్పుడు మాత్రం సామాను అక్కర్లేని పొడుపుకథలు బాగుంటాయి. "తోలు నలుపు, తింటే పులుపు" చింతపండని చెప్పేశాక, వంటింట్లో ఇంకో వస్తువు చూపించి పాపనే ఒకటి కట్టమను. కుదరకపోయినా కుదిరినట్టే విని ఆలోచించు.

ఈ వారం పిక్కలు కడిగి ఎండబెట్టి, గుడ్ల పెట్టె తెప్పించు. పసుపు పని వచ్చే వారానికి ఉంచు.

ఇట్లు,
పెద్దమ్మ