సభ్యులకు మాత్రమే అనుకున్నది బయటివారికి ఎలా కనిపించింది?

ప్రశ్న: మా పూర్వ విద్యార్థుల సంఘానికి వర్డ్‌ప్రెస్‌తో వెబ్‌సైటు నడుపుతున్నాను. సభ్యుల ఫోన్ నంబర్ల పేజీ లాగిన్ అయినవారికే కనిపించేలా, ఇతరులకు లాగిన్ కమ్మనే సూచన మాత్రమే వచ్చేలా ఏర్పాటు చేశాను. అయినా సభ్యుడు కాని ఒకాయన ఆ జాబితా చూశానన్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కారణం వెతికే ముందు ఆ జాబితాను సైటు నుంచి తీసివేయండి. ఆ నంబర్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి.

జాబితాను సీఎస్‌ఎస్‌తో, అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే కోడుతో, కనబడకుండా చేసి ఉంటే అది దాచినట్టు కాదు; అప్పటికే బ్రౌజరుకు చేరిపోయింది కనుక పేజీ సోర్సు తెరిచిన ఎవరైనా చదువుకోవచ్చు. చూసే వ్యక్తి లాగిన్ అయ్యారో లేదో సర్వరులోనే తేల్చి, అయినవారికే ఆ సమాచారాన్ని పంపాలి.

అది సరిగానే ఉంటే నా అనుమానం క్యాష్ మీదే. పేజీ త్వరగా తెరుచుకోవడానికి ఒకసారి తయారైన ప్రతిని నిల్వ చేసి, తరువాత వచ్చినవారికి అదే అందించడం దాని పని. వర్డ్‌ప్రెస్ క్యాష్ ప్లగిన్లు సాధారణంగా లాగిన్ కుకీని (లాగిన్ అయినట్టు బ్రౌజరులో ఉండే గుర్తును) గమనించి ఆ సభ్యులను మినహాయిస్తాయి గాని, సర్వరుకు ముందుండి పేజీల ప్రతులను అందించే సీడీఎన్ అనే సేవను అన్ని పేజీలూ నిల్వ చేయమని అమర్చితే అది సభ్యుడి కోసం తయారైన పేజీని అపరిచితుడికి ఇచ్చేస్తుంది. 2015 డిసెంబరు 25న స్టీమ్ అనే ఆటల దుకాణంలో ఇలాంటి పొరపాటే జరిగి, కొందరి ఈమెయిల్, బిల్లింగ్ చిరునామా వంటి వివరాలు ఇతరులకు కనిపించాయి. సుమారు 34,000 మందిపై ఆ ప్రభావం పడిందని దానిని నడిపే వాల్వ్ సంస్థే ప్రకటించింది. కాబట్టి సభ్యుల పేజీలకు క్యాష్-కంట్రోల్ హెడరులో (పేజీతో పాటు సర్వరు పంపే సూచనలో) 'ప్రైవేట్, నో-స్టోర్' అని పంపండి, సీడీఎన్‌లోనూ ఆ పేజీలను మినహాయించండి, పాత ప్రతులన్నీ తుడిచివేయండి.

జాబితా పీడీఎఫ్‌గా ఉంటే చిక్కు వేరు. అప్‌లోడ్స్ ఫోల్డరులోని ఫైలును వెబ్ సర్వరు నేరుగా అందిస్తుంది. లాగిన్ తనిఖీ చేసే కోడు అక్కడ నడవనే నడవదు, లింకు తెలిస్తే చాలు. అటువంటి ఫైలును బహిరంగ ఫోల్డరు బయట ఉంచి, తనిఖీ తరువాతే పంపే ఏర్పాటు చేసుకోవాలి. జాబితా పేజీలోనే ఉండి, లాగిన్ తనిఖీ థీమ్ టెంప్లేటులో (పేజీని చూపే అచ్చులో) మాత్రమే ఉంటే, అదే పాఠ్యం కొత్త రాతలను పంచే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ద్వారానో, ఇతర ప్రోగ్రాములకు సైటు సమాచారం ఇచ్చే రెస్ట్ ఏపీఐ ద్వారానో బయటికి పోగలదు.

మరొకటి, లాగిన్ అయినవారందరూ మీ సభ్యులేనా? సెట్టింగుల్లో ఎవరైనా నమోదు కావచ్చనే గడికి టిక్కు ఉంటే బయటి వ్యక్తి కూడా ఖాతా తెరిచి లోపలికి రాగలడు. టిక్కు తీసేసి, ఉన్న ఖాతాలను మీ సభ్యుల పట్టీతో సరిచూడండి. ఆపైన ప్రైవేట్ విండోలో, మరొకరి ఫోనులో కూడా పరీక్షించాకే జాబితాను తిరిగి పెట్టండి.